మైక్రోసర్వీసెస్ అంటే ఏంటి? కోట్ల మంది ఒకేసారి చూసినా యాప్ కుప్పకూలకుండా కాపాడే టూల్స్ ఇవే.. పూర్తి వివరాలు

2019 జులై 10. మాంచెస్టర్‌లో భారత్, న్యూజిలాండ్ మధ్య ప్రపంచకప్ సెమీఫైనల్. క్రీజులో ధోనీ ఉన్నాడు. ఆ మ్యాచ్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. గప్టిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకింది. ధోనీ రనౌట్. అంతే.. జనం ఒక్కసారిగా బ్యాక్ బటన్ నొక్కేశారు.

చూసేవాళ్లు తగ్గితే సర్వర్లకు పని తగ్గుతుంది కదా అనుకుంటాం. కానీ అక్కడ సీన్ రివర్స్. వీడియో మీద భారం తగ్గింది, హోమ్‌పేజీ మీద భారం అమాంతం పెరిగింది. ఎందుకంటే బ్యాక్ నొక్కిన ప్రతి ఒక్కరికీ యాప్ మళ్లీ హోమ్‌పేజీ చూపించాలి. మీరు సగంలో ఆపిన సినిమా ఏది, మీకు నచ్చే సీరియల్ ఏది, పైన ఏ బ్యానర్ పెట్టాలి.. ఇవన్నీ ఒక్కో మనిషికి విడివిడిగా తేవాలి. ఇలాంటి పరిస్థితి కోసమే హాట్‌స్టార్ ఇంజినీర్లు 'ప్యానిక్ మోడ్' అనే ఏర్పాటు చేసుకున్నారు. ఒత్తిడి పెరిగితే రికమండేషన్స్ లాంటి అంత ముఖ్యం కాని సర్వీసులను ఆపేస్తారు. వీడియో మాత్రం ఆగదు.

ఒక భాగాన్ని ఆపేసి మిగతాది నడిపించడం ఎలా సాధ్యం? యాప్ మొత్తం ఒకే ముద్దగా కాకుండా ముక్కలుగా ఉండటం వల్ల. ఆ ముక్కలనే మైక్రోసర్వీసెస్ అంటారు. వాటిని రాయడానికి, నడపడానికి, పడిపోతే లేపడానికి బోలెడన్ని టూల్స్ ఉన్నాయి. ఏ టూల్ ఏ సమస్య కోసం పుట్టిందో ఇప్పుడు చూద్దాం.

అసలు మైక్రోసర్వీస్ అంటే ఏంటి?

ఒక చిన్న టిఫిన్ సెంటర్‌ను ఊహించుకోండి. ఒకే మాస్టర్ దోశ వేస్తాడు, ఇడ్లీ దించుతాడు, టీ కాస్తాడు, డబ్బులూ తీసుకుంటాడు. రోజుకు వంద మంది వస్తే ఏ ఇబ్బందీ లేదు. ఆయనకు జ్వరం వస్తే మాత్రం షట్టర్ మూతే. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని మోనోలిత్ అంటారు. లాగిన్, సెర్చ్, పేమెంట్, నోటిఫికేషన్.. అంతా ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటుంది.

గిరాకీ పెరిగాక దోశకు ఒక కౌంటర్, టీకి ఒకటి, బిల్లింగ్‌కు ఒకటి పెడతారు. టీ కౌంటర్ ఆగినా దోశ దొరుకుతుంది. దోశకు రద్దీ ఎక్కువైతే ఇంకో పెనం పెడితే చాలు, హోటల్ మొత్తం పెంచక్కర్లేదు. మైక్రోసర్వీస్ అంటే ఇదే. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రామ్, దానికి సొంత డేటాబేస్, దాన్ని చూసుకునే సొంత టీమ్.

ఈ పద్ధతి గురించి మార్టిన్ ఫౌలర్, జేమ్స్ లూయిస్ 2014లో రాసిన వ్యాసంతో ఈ పేరు బాగా పాపులర్ అయింది. కానీ అమెజాన్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు అంతకుముందే ఈ దారి పట్టాయి.

నెట్‌ఫ్లిక్స్‌కు దెబ్బ తగిలింది ఇక్కడే

2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ ప్రధాన డేటాబేస్ పాడైంది. అప్పట్లో ఆ సంస్థ ఎక్కువగా డీవీడీలను పోస్టులో పంపేది. మూడు రోజుల పాటు ఒక్క డీవీడీ కూడా పంపలేకపోయింది. ఒక్క చోట తేడా వస్తే వ్యాపారం మొత్తం ఆగిపోతుందని అప్పుడు తెలిసొచ్చింది. దాంతో సొంత డేటా సెంటర్ల నుంచి అమెజాన్ క్లౌడ్‌కు మారుతూ, యాప్‌ను వందల ముక్కలుగా విడగొట్టింది. ఈ పని పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. అంటే సుమారు ఏడేళ్లు!

ఈ ప్రయాణంలో నెట్‌ఫ్లిక్స్ తన అవసరానికి తయారు చేసుకున్న టూల్స్‌ను ఓపెన్ సోర్స్ చేసింది. అందులో 'కేయాస్ మంకీ' చాలా ఫేమస్. ఇది నడుస్తున్న సర్వర్లను కావాలనే ఆపేస్తుంది. ఎందుకంటే ఏదో ఒక రోజు అది ఎలాగూ జరుగుతుంది, ముందే అలవాటు పడితే మంచిదని వాళ్ల లెక్క.

విడగొడితే సమస్య తీరినట్టేనా?

కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది. ఒకే ప్రోగ్రామ్‌లో ఒక భాగం ఇంకో భాగాన్ని పిలిస్తే జవాబు దాదాపు గ్యారంటీ. మధ్యలో నెట్‌వర్క్ వస్తే ఆ గ్యారంటీ పోతుంది. జవాబు ఆలస్యం కావొచ్చు, రాకపోవచ్చు, రెండుసార్లు రావొచ్చు.

చిన్న లెక్క చూడండి. ఒక సర్వీస్ 99.9 శాతం సార్లు సరిగ్గా పనిచేస్తుంది అనుకుందాం. వినడానికి బాగుంది. కానీ ఒక పేజీ చూపించడానికి ఇలాంటి 30 సర్వీసులు అన్నీ పనిచేయాలంటే, మొత్తం మీద విజయం సుమారు 97 శాతమే. అంటే ప్రతి వెయ్యి మందిలో 30 మందికి ఎర్రర్.

కాబట్టి విడగొట్టడం వల్ల లోపం మాయం కాదు, చోటు మారుతుంది. ప్రోగ్రామ్ లోపల ఉండే ఇబ్బంది ప్రోగ్రామ్‌ల మధ్యకు వస్తుంది. టూల్స్ అన్నీ ఆ మధ్యలో జరిగే గొడవను సర్దడానికే.

1. సర్వీస్ రాయడానికి: స్ప్రింగ్ బూట్ నుంచి గో వరకు

జావా ప్రపంచంలో తిరుగులేని పేరు స్ప్రింగ్ బూట్. 2014లో మొదటి వెర్షన్ వచ్చింది. అంతకుముందు జావా అప్లికేషన్ నడపాలంటే సర్వర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసి, పేజీల కొద్దీ కాన్ఫిగరేషన్ రాయాల్సి వచ్చేది. స్ప్రింగ్ బూట్‌లో సర్వర్ కూడా ప్రోగ్రామ్‌తో పాటే ప్యాక్ అయి వస్తుంది. రన్ చేస్తే సర్వీస్ రెడీ. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల ప్రాజెక్టుల్లో జావా వాడకం ఎక్కువ. అందుకే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద 'స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్' అనే మాటలు జంటగా కనిపిస్తుంటాయి.

ఇదే జావాలో త్వరగా స్టార్ట్ కావాలి, మెమరీ తక్కువ తినాలి అంటే క్వార్కస్, మైక్రోనాట్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్ వాళ్లకు నెస్ట్‌జేఎస్, పైథాన్ వాళ్లకు ఫాస్ట్ఏపీఐ, మైక్రోసాఫ్ట్ టెక్నాలజీ వాళ్లకు ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్. గూగుల్ తయారుచేసిన గో భాషలో అయితే పెద్ద ఫ్రేమ్‌వర్క్ లేకుండానే చాలా మంది సర్వీసులు రాసేస్తారు. డాకర్, కుబర్నెటీస్ రెండూ రాసింది గోలోనే.

2. నడపడానికి: డాకర్, కుబర్నెటీస్

'నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది, సర్వర్‌లో పనిచేయట్లేదు'.. డెవలపర్ల పాత బాధ ఇది. 2013లో వచ్చిన డాకర్ దీనికి మందు. ప్రోగ్రామ్‌ను, దానికి కావాల్సిన లైబ్రరీలను కలిపి ఒక డబ్బాలో పెట్టి సీల్ చేస్తుంది. దాన్నే కంటైనర్ అంటారు. ఎక్కడ తెరిచినా లోపల అదే ఉంటుంది.

డబ్బాలు పది ఉంటే చేత్తో చూసుకోవచ్చు. వెయ్యి ఉంటే? అక్కడే కుబర్నెటీస్ ఎంట్రీ. గూగుల్ తన సొంత వ్యవస్థ బోర్గ్ నడిపిన అనుభవంతో దీన్ని తయారు చేసి 2014లో బయటపెట్టింది. గ్రీకు భాషలో ఈ మాటకు ఓడ నడిపేవాడు అని అర్థం. 'ఈ సర్వీస్ కాపీలు ఎప్పుడూ 5 ఉండాలి' అని చెబితే చాలు. ఒకటి పడిపోతే తనే ఇంకోటి లేపుతుంది. కొత్త వెర్షన్‌ను ఒక్కో కాపీకి మెల్లగా మారుస్తూ వెళ్తుంది. రద్దీ పెరిగితే కాపీలు పెంచుతుంది.

అయితే కొత్త కాపీ లేవడానికి కొంత టైమ్ పడుతుంది. ధోనీ క్రీజులోకి వచ్చాక మెషీన్లు పెంచుదామంటే కుదరదు. అందుకే పెద్ద మ్యాచ్‌లకు ముందే లెక్కేసి కెపాసిటీ సిద్ధంగా ఉంచుకుంటారు.

3. మాట్లాడుకోవడానికి: రెస్ట్, జీఆర్‌పీసీ

సర్వీసులు ఒకదాన్నొకటి పిలిచే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది రెస్ట్. మామూలు వెబ్‌సైట్ లాగే హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది. మనిషి చదవగలిగే టెక్స్ట్‌లో డేటా పంపుతుంది. అర్థం చేసుకోవడం తేలిక.

జీఆర్‌పీసీని గూగుల్ 2015లో ఓపెన్ సోర్స్ చేసింది. ఇందులో డేటా చిన్న బైనరీ రూపంలో వెళ్తుంది కాబట్టి వేగం ఎక్కువ. ఏ సర్వీస్ ఏం అడగాలి, ఏం ఇవ్వాలి అన్నది ముందే ఒక ఫైల్‌లో ఒప్పందంలా రాసుకోవాలి. రెండు టీమ్‌లు వేర్వేరు భాషల్లో రాసినా గొడవ రాదు. చాలా కంపెనీలు బయట మొబైల్ యాప్‌తో రెస్ట్, లోపల సర్వీసుల మధ్య జీఆర్‌పీసీ వాడతాయి.

4. వెంటనే జవాబు అక్కర్లేదా? అయితే కాఫ్కా

మీరు ఆర్డర్ పెట్టగానే ఎస్ఎంఎస్ రావాలి, స్టాక్ తగ్గాలి, డెలివరీ వాళ్లకు కబురెళ్లాలి. ఇవన్నీ పూర్తయ్యేదాకా మీ స్క్రీన్ మీద చక్రం తిరగాల్సిన పనిలేదు. 'ఆర్డర్ వచ్చింది' అనే కబురును ఒక చోట రాసి పెడితే, ఎవరికి కావాలో వాళ్లు వచ్చి చదువుకుంటారు. టిఫిన్ సెంటర్‌లో టోకెన్ గుచ్చే మేకు లాంటిదన్నమాట.

ఈ పనికి ఎక్కువగా వినిపించే పేరు కాఫ్కా. లింక్డ్‌ఇన్‌లో పుట్టి, 2011లో ఓపెన్ సోర్స్ అయింది. దీన్ని తయారు చేసిన ముగ్గురిలో పుణెలో పెరిగిన నేహా నార్ఖేడే ఒకరు. చదివిన వెంటనే కబురు చెరిగిపోకపోవడం కాఫ్కా ప్రత్యేకత. మామూలు సెట్టింగ్‌లో 7 రోజులు ఉంటుంది. ఎస్ఎంఎస్ సర్వీస్ గంట సేపు పడిపోయినా, లేచాక ఆగిన చోటి నుంచి మళ్లీ చదువుకోవచ్చు. ఇంత భారీ వ్యవస్థ అవసరం లేని చోట రాబిట్‌ఎంక్యూ సరిపోతుంది.

5. ఒకటి పడిపోతే అన్నీ పడకుండా: సర్క్యూట్ బ్రేకర్

ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే ఎంసీబీ టక్కున పడిపోతుంది. ఆ లైన్ ఆగుతుంది, ఇల్లు కాలదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే ఐడియా, అదే పేరు.

రికమండేషన్ సర్వీస్ నెమ్మదించింది అనుకోండి. దాన్ని పిలిచిన హోమ్‌పేజీ ఎదురు చూస్తూ కూర్చుంటుంది. హోమ్‌పేజీని పిలిచినవాళ్లూ ఎదురు చూస్తారు. ఇలా క్యూ పెరిగి మొత్తం స్తంభిస్తుంది. పైగా విసుగొచ్చిన యూజర్ రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొడతాడు. ప్రోగ్రామ్‌లు కూడా 'రీట్రై' పేరుతో అదే పని చేస్తాయి. కష్టాల్లో ఉన్న సర్వీస్ మీద మూడింతల భారం పడుతుంది.

దీనికి మూడు మందులు ఉన్నాయి. ఇంత సేపే ఆగుతా అనే టైమౌట్. గ్యాప్ పెంచుకుంటూ కొన్నిసార్లే ప్రయత్నించే రీట్రై. వరుసగా ఫెయిల్ అవుతుంటే కాసేపు పిలవడమే మానేసే సర్క్యూట్ బ్రేకర్. ఆ కాసేపు రికమండేషన్స్ బదులు అందరికీ ఒకే 'టాప్ 10' చూపిస్తే చాలు.

నెట్‌ఫ్లిక్స్ 2012లో విడుదల చేసిన హిస్ట్రిక్స్ ఈ పనిలో బాగా పేరు తెచ్చుకుంది. అయితే 2018లో దాని డెవలప్‌మెంట్ ఆపేశారు. ఇప్పుడు జావాలో రెజిలియన్స్4జే వాడుతున్నారు. కోడ్ ముట్టుకోకుండా బయటి నుంచే ఈ రక్షణ ఇచ్చేవీ ఉన్నాయి. ఇస్టియో, లింకర్‌డీ లాంటి 'సర్వీస్ మెష్'లు ఒక్కో సర్వీస్ పక్కన ఒక చిన్న ప్రాక్సీని కాపలా పెడతాయి. వచ్చే పోయే కాల్స్ అన్నీ దాని గుండానే వెళ్తాయి.

6. డబ్బు కట్ అయింది, పేమెంట్ పెండింగ్.. ఎందుకిలా?

కిరాణా షాపులో యూపీఐ కొట్టి ఈ మెసేజ్ చూడని వాళ్లు తక్కువ. పంపే బ్యాంకు వేరు, తీసుకునే బ్యాంకు వేరు. మధ్యలో ఎన్‌పీసీఐ. ఒక చోట డెబిట్ అయ్యాక, రెండో చోట క్రెడిట్ అయిందా లేదా అనే కబురు రాకపోతే 'పెండింగ్' తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు. ఇది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో అన్నిటికంటే మొండి సమస్య. ఎందుకంటే జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు, జరిగిందో లేదో తెలియదని అర్థం.

ఇక్కడ రెండు పద్ధతులు వాడతారు. మొదటిది ఐడెంపొటెన్సీ. ప్రతి రిక్వెస్ట్‌కు ఒక ప్రత్యేక నంబర్ ఇస్తారు. అదే నంబర్‌తో పదిసార్లు అడిగినా డబ్బు ఒక్కసారే కట్ అవుతుంది. రెండోది సాగా. 1987లో హెక్టర్ గార్సియా మోలినా, కెనెత్ సేలం ప్రతిపాదించిన ఐడియా ఇది. ప్రతి అడుగుకు ఒక వెనకడుగు ముందే రాసుకుంటారు. టికెట్ బుక్ కాకపోతే డబ్బు రీఫండ్, సీటు రిలీజ్.. ఇలా.

ఈ అడుగులను గుర్తుపెట్టుకుని నడిపే టూల్ టెంపోరల్. ఊబర్‌లో కేడెన్స్ పేరుతో మొదలైన ప్రాజెక్టు నుంచి వచ్చింది. సర్వర్ మధ్యలో ఆగిపోయినా, ఏ అడుగు దగ్గర ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది.

యూజర్ల వైపు నుంచి కూడా ఒక రక్షణ ఉంది. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐలో ఒకరికి డబ్బు పంపినప్పుడు మన ఖాతాలో కట్ అయి అవతలి ఖాతాలో పడకపోతే, మర్నాటికల్లా దానంతట అదే తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. షాపులకు చేసే పేమెంట్ అయితే గడువు 5 రోజులు. అంటే ఇక్కడ సాగా సరిగ్గా రాయకపోతే నష్టం నేరుగా జేబుకే.

7. తప్పు ఎక్కడ జరిగింది? ట్రేసింగ్ టూల్స్

ఒకే ప్రోగ్రామ్ అయితే ఒక లాగ్ ఫైల్ చూస్తే సరిపోతుంది. 50 సర్వీసులు దాటి వెళ్లిన రిక్వెస్ట్ ఎక్కడ ఇరుక్కుందో కనిపెట్టడం ఎలా? దీనికి డిస్ట్రిబ్యూటెడ్ ట్రేసింగ్ వాడతారు. కొరియర్ ట్రాకింగ్ నంబర్ లాంటిదే. ప్రతి రిక్వెస్ట్‌కు ఒక ఐడీ ఇచ్చి, అది ఏ సర్వీస్‌లో ఎన్ని మిల్లీసెకన్లు ఉందో రాసుకుంటారు.

గూగుల్ 2010లో డాపర్ పేరుతో తన పద్ధతిని వివరించింది. దాని స్ఫూర్తితో ట్విట్టర్‌లో జిప్‌కిన్, ఊబర్‌లో యేగర్ పుట్టాయి. ఇప్పుడు అందరూ ఒకే భాషలో మాట్లాడుకోవడానికి 2019లో మొదలైన ఓపెన్ టెలిమెట్రీ ఉంది. అంకెలు సేకరించడానికి ప్రొమీథియస్, వాటిని గ్రాఫ్‌లుగా చూడటానికి గ్రఫానా వాడతారు.

నిపుణులు పదే పదే చెప్పే మాట ఒకటుంది. యాప్‌ను విడగొట్టకముందే ఈ ట్రేసింగ్ పెట్టుకోవాలి. లేకపోతే అర్ధరాత్రి యాప్ ఆగినప్పుడు ఐదు టీమ్‌లు ఒకే కాల్‌లో కూర్చుని 'మా సర్వీస్ బాగానే ఉంది' అని చెప్పుకోవడమే మిగులుతుంది.

అన్నీ ఒకే చోట కావాలంటే?

పైన చెప్పిన పనుల్లో చాలా వాటిని ఒకే గొడుగు కిందకు తెచ్చే ప్రయత్నం డాపర్.. గూగుల్ డాపర్ కాదు, ఇది మైక్రోసాఫ్ట్ 2019లో మొదలుపెట్టిన మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. సర్వీస్ పక్కనే ఇంకో చిన్న ప్రాసెస్‌లా కూర్చుంటుంది. రీట్రై, మెసేజింగ్, డేటా దాచుకోవడం.. ఇవన్నీ అదే చూసుకుంటుంది. ఇవాళ రాబిట్‌ఎంక్యూ, రేపు కాఫ్కా అని మార్చుకున్నా కోడ్ పెద్దగా మారదు.

వెనక్కి తిరిగిన వాళ్లూ ఉన్నారు

2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో ఇంజినీర్ల బృందం రాసిన ఓ వివరణ టెక్ ప్రపంచంలో దుమారం రేపింది. వీడియో, ఆడియో క్వాలిటీని కనిపెట్టే తమ టూల్‌ను మొదట ముక్కలుగా కట్టారు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వీడియో ఫ్రేమ్‌లు పంపడానికే ఖర్చు తడిసి మోపెడైంది. అన్నిటినీ కలిపి ఒకే ప్రోగ్రామ్‌గా మార్చాక ఖర్చు 90 శాతం పైగా తగ్గింది. ఇది ప్రైమ్ వీడియో మొత్తానికి కాదు, ఆ ఒక్క టూల్‌కే. అయినా పాఠం మాత్రం పెద్దదే. ఎప్పుడూ కలిసి పనిచేసే వాటిని విడదీస్తే మధ్యలో దారి ఖర్చు కట్టాలి.

ఊబర్‌ది ఇంకో కథ. 2020 నాటికి అక్కడ సుమారు 2,200 కీలక మైక్రోసర్వీసులు తయారయ్యాయి. ఒక చిన్న సమస్య మూలం వెతకాలన్నా పదుల కొద్దీ సర్వీసులు తిరగాల్సి వచ్చేది. దాంతో వాటిని పని ప్రకారం గుంపులుగా సర్దుకున్నారు.

మార్టిన్ ఫౌలర్ కూడా 2015లోనే, ముందు మోనోలిత్‌తో మొదలుపెట్టండి, అవసరమైతే తర్వాత విడగొట్టండి అని సలహా ఇచ్చారు.

తరచూ అడిగే ప్రశ్నలు

కొత్త స్టార్టప్ మైక్రోసర్వీసెస్‌తో మొదలుపెట్టాలా?
ఐదారుగురు ఉన్న టీమ్‌కు సాధారణంగా అవసరం ఉండదు. లోపల భాగాలను శుభ్రంగా విడదీసి రాసిన ఒకే ప్రోగ్రామ్, ఒక మంచి డేటాబేస్ చాలా దూరం లాక్కొస్తాయి.

ఎప్పుడు విడగొట్టాలి?
ఒక భాగానికి మాత్రమే రద్దీ విపరీతంగా పెరుగుతున్నప్పుడు, లేదా ఒక టీమ్ మార్పు చేయాలంటే మిగతా టీమ్‌లు ఆగాల్సి వస్తున్నప్పుడు. ముందు ఒక్క ముక్కనే బయటకు తీసి, అది నిలబడ్డాక రెండోది.

పాత ట్యుటోరియల్స్ చూసి నేర్చుకోవచ్చా?
జాగ్రత్త. స్ప్రింగ్ క్లౌడ్ 2020.0 వెర్షన్ నుంచి హిస్ట్రిక్స్, జూల్, రిబ్బన్‌లను తొలగించారు. వాటి చోట రెజిలియన్స్4జే, స్ప్రింగ్ క్లౌడ్ గేట్‌వే, స్ప్రింగ్ క్లౌడ్ లోడ్‌బ్యాలెన్సర్ వచ్చాయి. అలాగే స్ప్రింగ్ బూట్ 3కు జావా 17 తప్పనిసరి. కోర్సులో పాత పేర్లే ఉంటే, ఫీజు కట్టే ముందు సిలబస్ ఎప్పటిదో అడగడం మంచిది.

ఉద్యోగం కోసం చదివేవాళ్లు ఏ వరుసలో నేర్చుకోవాలి?
ముందు ఒక భాష, ఒక ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్. తర్వాత డాకర్. ఆ తర్వాత రెండు చిన్న సర్వీసులు రాసి, నడుస్తుండగా ఒకదాన్ని కావాలనే ఆపి, రెండోది ఏం చేస్తుందో చూడాలి. టైమౌట్ ఎందుకో, రీట్రై ఎప్పుడు ప్రమాదమో అక్కడే అర్థమవుతుంది. కాఫ్కా, కుబర్నెటీస్ ఆ తర్వాతే. ఇంటర్వ్యూలో 'ఏ టూల్స్ వచ్చు' అనే ప్రశ్న వెనకే 'పేమెంట్ సర్వీస్ పడిపోతే మీ ఆర్డర్ ఏమవుతుంది' అనే ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ. దానికి జవాబు చెప్పగలిగితే టూల్ పేరు మారినా ఇబ్బంది ఉండదు.